విమానానికి ఇంటిపేరు

అమెరికాలో మన తెలుగువాళ్ల గ్యారేజీ తలుపు ఎత్తితే ఏం కనిపిస్తాయో అందరికీ తెలుసు. ఇండియన్ స్టోర్‌లో డిస్కౌంట్ ఇచ్చినప్పుడు కొన్న సోనామసూరి బస్తాలు రెండు, ఇల్లు మారినప్పటి నుంచి విప్పని అట్టపెట్టెలు, పిల్లలు తొక్కడం మానేసిన సైకిళ్లు, మిగిలిన జాగాలో ఒక కారు. డాలస్ దగ్గర ఉండే మా స్నేహితుడి ఇంట్లో మాత్రం పోయిన చలికాలం కారు బయట వానలో తడుస్తుంటే, లోపల బల్ల మీద విమానం తోక పడుకుని ఉంది.

ఒక శనివారం పొద్దున్నే ఫోన్ చేశాడు. "అన్నా, రెండు గంటలు చెయ్యి సాయం కావాలి, వస్తావా?" వాళ్లావిడ అప్పటికే రెండు వారాంతాలు ఆ పని చేసి, "చెవులు దిబ్బళ్లు పడుతున్నాయి, ఇక నా వల్ల కాదు" అని తేల్చి చెప్పిందట. వెళ్లాను. పని సంగతి తర్వాత చెబుతాను. ముందు నేను అడిగిన మొదటి ప్రశ్న: "నువ్వు ఇంట్లో విమానం కడితే గవర్నమెంటు ఊరుకుంటుందా?"

జవాబు చెప్పకుండా సొరుగు లాగి, విమానానికి బిగించాల్సిన చిన్న స్టీలు రేకు ఒకటి తీసి చూపించాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. ఇంకా దాని మీద ఏమీ చెక్కలేదు. "తయారీదారు అనే చోట మా ఇంటిపేరు పడుతుంది అన్నా. బోయింగ్ విమానంలో బోయింగ్ అని ఉన్నట్టే."

అప్పుడు నవ్వాను గానీ, ఆ తర్వాత ఈ విషయం గురించి చదివిన కొద్దీ మొత్తం వ్యవహారం ఆ రేకులోనే ఉందని అర్థమైంది. ఇది చట్టబద్ధమా, సురక్షితమా, చవకా, అమ్ముకోవచ్చా, ఇండియాలో కుదురుతుందా అని జనం అడిగే ప్రశ్నలన్నీ చివరికి ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తాయి. ఈ విమానం తయారుచేసింది ఎవరు? విడిభాగాలను పెట్టెల్లో సర్ది కిట్‌గా అమ్మిన కంపెనీ అని మనం అనుకుంటాం. అమెరికా చట్టం అలా అనుకోదు. పెట్టెలు పంపింది కంపెనీ, విమానం తయారుచేసింది నువ్వు అంటుంది. అక్కడి విమానాల రిజిస్టర్‌లో తయారీదారు కాలమ్ చూస్తే సెస్నా, పైపర్ లాంటి చిన్న విమానాల కంపెనీల మధ్య వేలాది మామూలు మనుషుల ఇంటిపేర్లు కనిపిస్తాయి. ఒక్కొక్కటీ ఒకే ఒక్క విమానం చేసిన కంపెనీ అన్నమాట.

మామూలు పద్ధతి ఎలా ఉంటుందో ముందు చూద్దాం. సెస్నా 172 లాంటి విమానానికి రెండు స్థాయుల్లో అనుమతి ఉంటుంది. డిజైన్‌కి ఒకటి, ఆ డిజైన్ ప్రకారం ఒకేలా తయారుచేయగల ఫ్యాక్టరీకి ఇంకొకటి. ఏ బోల్టు మార్చాలన్నా కాగితం కావాలి. ఆ కాగితాల ఖర్చు, ప్రమాదం జరిగితే పడే కేసుల ఖర్చు అన్నీ విమానం ధరలోకే వస్తాయి. కేసులకు జడిసి సెస్నా 1986లో చిన్న పిస్టన్ విమానాల తయారీనే ఆపేసింది. 18 ఏళ్లు దాటిన విమానాల మీద తయారీదారుణ్ణి కోర్టుకు లాగకుండా 1994లో చట్టం వచ్చాకే మళ్లీ మొదలుపెట్టింది. 1955లో మొదటిసారి ఎగిరిన 172 ఈరోజు కొత్తది కొనాలంటే నాలుగు లక్షల డాలర్ల పైమాటే.

ఇంట్లో కట్టే విమానం ఈ రెండు అనుమతులకూ బయట ఉంటుంది. దాన్ని ఎక్స్‌పెరిమెంటల్ తరగతిలో, అమెచ్యూర్ బిల్ట్ అనే గదిలో పెట్టారు. కాక్‌పిట్ ఎక్కే చోట ఎక్స్‌పెరిమెంటల్ అని పెద్ద అక్షరాల్లో రాయాలి. కూర్చునేవాడికి కనబడేలా, ఈ విమానం మామూలు విమానాల భద్రతా నిబంధనలకు లోబడి లేదు అనే హెచ్చరిక కూడా అంటించాలి. పెళ్లిచూపుల్లో లోపాలన్నీ ముందే చెప్పేసినట్టు. అయినా ఎక్కుతావా, నీ ఇష్టం.

ఈ గది తలుపు తీయడానికి ఒకటే తాళంచెవి. దాన్నే అందరూ 51 శాతం రూల్ అంటారు. విచిత్రం ఏమిటంటే, చట్టంలో 51 అనే అంకె లేదు. అందులో ఉన్నది ఇది: విమానంలో ప్రధాన భాగాన్ని, కేవలం తాము నేర్చుకోవడానికో సరదాకో పనికి పూనుకున్న వ్యక్తులు తయారుచేసి, బిగించి ఉండాలి. ప్రధాన భాగం అంటే సగం కన్నా ఎక్కువ అని వాడుకలో 51 శాతం అయింది.

ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. దేంట్లో 51 శాతం? బరువులో కాదు, డబ్బులో కాదు, గంటల్లో కూడా కాదు. పనుల్లో. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ దగ్గర ఒక చెక్‌లిస్ట్ ఉంది. రెక్కలో ఈ పని, తోకలో ఈ పని, కంట్రోళ్లలో ఈ పని అని విడగొట్టి, ఏది కిట్ కంపెనీ చేసింది, ఏది కట్టినవాడు చేశాడు అని మార్కులు వేస్తారు. ఇంజిన్, ప్రొపెల్లర్, చక్రాలు, మీటర్లు ఎవరూ ఇంట్లో చెయ్యరు కాబట్టి అవి లెక్కలోకే రావు. రంగు వేయడం, సీట్లు కుట్టించడం కూడా రావు. రంగు వేయించడానికి పదివేల డాలర్లు పోసినా 51లో ఒక్క శాతం కూడా పెరగదు.

రెండో అపార్థం, అన్నీ ఒక్కడే చెయ్యాలని. అక్కర్లేదు. నలుగురు మిత్రులు కట్టొచ్చు, ఒక స్కూలు పిల్లలు కట్టొచ్చు. వాళ్లంతా నేర్చుకోవడానికో సరదాకో చేస్తే చాలు. నేను ఆ శనివారం చేసిన సాయం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. డబ్బులిచ్చి మనిషిని పెట్టుకోవడం కూడా నేరం కాదు, కాకపోతే అతను చేసిన పని మన వాటాలో పడదు. ఆ సగం మనది కాకుండా పోయినప్పుడే చిక్కు. చెక్కు రాసి మొత్తం ఇంకొకరితో కట్టించి, కాగితం మీద "నేనే కట్టాను" అని సంతకం పెట్టడం మాత్రం అబద్ధపు వాంగ్మూలం. అందుకే కట్టేవాళ్లు రోజూ ఏం చేశారో లాగ్ రాస్తారు, ఫొటోలు తీస్తారు. ఫొటోలో చేతిలో డ్రిల్లు, వెనకాల గోడకి మనింటి క్యాలెండర్ కనబడాలి.

ఈ గీత ఎంతవరకు సాగుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఆర్లింగ్టన్‌లో గ్లాస్‌ఎయిర్ కంపెనీ "టూ వీక్స్ టు టాక్సీ" అనే కార్యక్రమం పెట్టింది. కొన్నవాడు వాళ్ల షెడ్డుకు వెళ్లి, రెండు వారాలు వాళ్ల పనిముట్లతో, వాళ్ల మనుషుల పర్యవేక్షణలో పనిచేస్తే విమానం తన చక్రాల మీద కదిలే దశకు వచ్చేది. అది కూడా చట్టం లోపలే. వంట మాస్టారు పక్కన నిలబడి చెబుతుంటే మనం పులుసు పెట్టినట్టు. పెట్టింది ఎవరు? గరిటె ఎవరి చేతిలో ఉంటే వాళ్లు. నాకైతే ఇది నిబంధన ఆత్మకు కొంచెం దూరంగానే అనిపిస్తుంది, కానీ తప్పు పట్టడానికి వీల్లేదు.

నేర్చుకోవడానికో సరదాకో అనే ఆ నాలుగు మాటలూ ఊరికే పెట్టినవి కావు. అవి లేకపోతే ఎవరైనా షెడ్డు వేసి, ఏ పరీక్షా లేకుండా వందలు వందలు కట్టి అమ్మేయొచ్చు. రిస్కు ఎవరు తీసుకుంటున్నారో వాళ్ల చేతే కట్టించడం ఇందులోని మర్మం.

ఇప్పుడు ఆ శనివారం పని.

విమానం పైచర్మం అల్యూమినియం రేకు. మందం చాలాచోట్ల ముప్పావు మిల్లీమీటరు లోపే. స్టీలు బీరువా తలుపు రేకు కూడా దీనికన్నా మందంగా ఉంటుంది. ఈ రేకును లోపలి అస్థిపంజరానికి వెల్డింగ్‌తో అతకరు, ఎందుకంటే వేడికి ఈ రకం అల్యూమినియం బలం పోగొట్టుకుంటుంది. రివెట్లు అనే చిన్న లోహపు మేకులతో కుడతారు. కుడతారు అనే మాట కావాలనే వాడుతున్నాను. అంగుళం, అంగుళంన్నర దూరానికో కుట్టు చొప్పున రెండు సీట్ల విమానానికి రివెట్లు పదివేల పైనే పడతాయి.

ఒక్క కుట్టుకు ఎంత తతంగమో చూడండి. బెజ్జం కిట్‌లోనే కంప్యూటర్ మిషన్ కొట్టి పంపుతుంది. అది కాస్త చిన్నగా ఉంటుంది. రేకును, లోపలి పక్కటెముకను ఒకదాని మీద ఒకటి పెట్టి, క్లీకోలు అనే స్ప్రింగు మేకులతో తాత్కాలికంగా బిగించి, బెజ్జాన్ని అసలు సైజుకు తీస్తారు. మళ్లీ క్లీకోలన్నీ పీకి, రేకు విడదీసి, బెజ్జం అంచున లేచిన సన్నటి గరుకును రెండు వైపులా తీస్తారు. వేలితో తడిమితే తెలియనంత గరుకు అది. అయినా తీయకుండా వదిలేస్తే, రోజూ వణికే రేకులో పగులు మొదలయ్యేది అక్కడే. తర్వాత డింపుల్: బెజ్జం చుట్టూ రేకును గుంటలా నొక్కుతారు, రివెట్ తల అందులో కూర్చుని పైన చదునుగా ఉండడానికి. మందపాటి లోహమైతే బెజ్జం నోరు చెక్కి వెడల్పు చేస్తారు గానీ, ఇంత పల్చటి రేకును చెక్కితే అంచు కత్తిలా మిగిలిపోతుంది. అందుకే చెక్కరు, నొక్కుతారు. ఆ తర్వాత తుప్పు పట్టకుండా ప్రైమర్. అది ఆరాక మళ్లీ క్లీకోలు. అప్పుడు రివెట్.

నా పని ఆ చివరి మెట్టులో. అతను బయటి నుంచి గాలితో నడిచే రివెట్ గన్ ఆనిస్తాడు. నేను లోపలి నుంచి రివెట్ తోకకు బకింగ్ బార్ అనే నున్నటి ఇనుప ముక్క ఆనించాలి. కమ్మరి దాగలి తెలుసుగా, దాన్ని అరచేతిలో పట్టేంత చేసి, కళ్లకు కనిపించని చోట పట్టుకోమన్నట్టు. గన్ మోగితే సెకనులో తోక నలిగి, లోపల ఇంకో తల తయారవుతుంది. ఆ తల వెడల్పు రివెట్ మందానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి. 2.4 మిల్లీమీటర్ల రివెట్‌కైతే 3.6 వెడల్పు, 1.2 ఎత్తు. కొలవడానికి చిన్న రేకు గేజ్ ఉంటుంది.

మొదటి పది రివెట్లలో నేను నాలుగు పాడుచేశాను. బార్ కాస్త వంగితే తల పక్కకు వాలిపోతుంది. గట్టిగా నొక్కితే గన్‌కూ బార్‌కూ పోటీ అయిపోయి రేకు మీద సొట్ట పడుతుంది. సొట్ట పడ్డప్పుడు మావాడు ఏమీ అనలేదు. గన్ కింద పెట్టి, వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాడు. అది తిట్టిన దానికన్నా ఎక్కువ. పాడైన రివెట్‌ను తల మధ్యలో సూటిగా డ్రిల్లు పెట్టి తీయాలి, డ్రిల్లు పక్కకు జారితే బెజ్జం పెద్దదవుతుంది, అప్పుడు పెద్ద రివెట్ వేయాలి. "కొంచెం వాలింది, ఉంచేద్దామా?" అనేది ఆ గ్యారేజీలో రోజుకు ఇరవై సార్లు వచ్చే ప్రశ్న. ఫ్యాక్టరీలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఇన్‌స్పెక్టర్ వేరే ఉంటాడు. ఇక్కడ ఆ మనిషీ నువ్వే, రాత్రి పదకొండింటికి, నిద్రకళ్లతో. నా ఉద్దేశంలో విమానం కట్టడంలో కష్టం చేతిపనిలో లేదు, ఈ ప్రశ్నకు ప్రతిసారీ నిజాయితీగా జవాబు చెప్పుకోవడంలో ఉంది.

అన్ని కిట్లూ రివెట్ల కిట్లే కావు. కిట్‌ఫాక్స్ లాంటివి స్టీలు గొట్టాల చట్రం మీద గుడ్డ తొడిగి బిగించేవి. గ్లాస్ ఫైబర్, ఫోమ్‌తో చేసేవి ఉన్నాయి, కలపవీ ఉన్నాయి. అయితే జనం ఎక్కువగా కట్టింది మాత్రం ఆరెగాన్ రాష్ట్రానికి చెందిన వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ వారి ఆర్‌వీ వరస. రిచర్డ్ వ్యాన్‌గ్రన్స్‌వెన్ అనే ఇంజనీరు 1970ల మొదట్లో మొదలుపెట్టిన ఈ కంపెనీ కిట్లతో ఇప్పటిదాకా పదకొండు వేలకు పైగా విమానాలు ఇళ్లలో తయారై ఎగిరాయి. ఆర్‌వీ-7 అనే రెండు సీట్ల విమానం గంటకు 300 కిలోమీటర్లు దాటి పోతుంది. అదే ఇంజిన్ శక్తి ఉన్న సెస్నా 172 దాని వెనకాలే ఎక్కడో ఉండిపోతుంది.

ఖర్చు, కాలం సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే ఇక్కడ అందరూ అందరికీ అబద్ధం చెబుతారు, ముఖ్యంగా భార్యలకు. కిట్ ముక్కలు ముక్కలుగా కొంటారు, మామూలుగా తోకతో మొదలు. అది చవక, నచ్చకపోతే అక్కడే ఆగిపోవచ్చు. ఇంజిన్, ప్రొపెల్లర్, రేడియోలు, తెరలు కిట్‌లో రావు, విడిగా కొనాలి. అన్నీ కలిపి లోహపు రెండు సీట్ల విమానం లక్ష డాలర్లు దాటడం మామూలే. గంటలు 1500 నుంచి 2000. వారానికి పది గంటల చొప్పున వేసుకుంటే మూడు, నాలుగేళ్లు. తొంభై శాతం అయిపోయింది, ఇంకో తొంభై శాతం మిగిలింది అని కట్టేవాళ్లు తమ మీద తామే జోకు వేసుకుంటారు. రెక్కలు, తోక అయ్యేసరికి చూడ్డానికి విమానంలాగే ఉంటుంది. వైర్లు, గొట్టాలు, ఇంజిన్ కవర్లు ఆ తర్వాత ఏళ్లు తింటాయి.

కోవిడ్ కాలంలో ఇళ్లలో కూర్చున్న జనం కిట్లకు ఎగబడ్డారు. ఆర్డర్లు తట్టుకోలేక వ్యాన్స్ కంపెనీ కొన్ని రేకులను లేజర్‌తో కోయించింది. ఆ బెజ్జాలను డింపుల్ చేస్తే కొన్నిటి అంచుల్లో పగుళ్లు కనిపించాయి. పైన చెప్పిన గరుకు సంగతి గుర్తుంది కదా, అదే జబ్బు. ఏ భాగాలు మార్చాలి, ఏవి ఉంచొచ్చు అని కంపెనీ పరీక్షలు చేసి చెప్పింది, మళ్లీ ముక్కలు పంపాల్సి వచ్చింది, డబ్బు కరిగిపోయింది. 2023 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది, ధరలు దాదాపు మూడో వంతు పెంచింది, 2024లో బయటపడింది. ముందే అడ్వాన్సు కట్టినవాళ్లు కూడా కొత్త ధర ఒప్పుకోవాల్సి వచ్చింది. అప్పటికే రివెట్లు వేసేసిన రెక్కను విప్పాలా, వదలాలా అన్న నిర్ణయం మాత్రం ఎవరి గ్యారేజీలో వాళ్లదే. రేకు మీద ఇంటిపేరు ఎవరిదైతే, ఆ రాత్రి నిద్ర పట్టనిది వాళ్లకే.

విమానం పూర్తయ్యాక ట్రైలర్ మీద ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లి రెక్కలు తగిలిస్తారు. మూడు చక్రాల కింద మూడు త్రాసులు పెట్టి తూస్తారు. బరువు ఎంతో తెలిస్తే సరిపోదు, అది ఎక్కడ పడుతుందో తెలియాలి. ఎఫ్ఏఏ మనిషి గానీ, దాని తరఫున అధికారం ఉన్న ఇన్‌స్పెక్టర్ గానీ వచ్చి విమానం, లాగ్, ఫొటోలు చూసి సర్టిఫికెట్ ఇస్తాడు. ఆయన పదివేల రివెట్లూ చూడడు, చూడలేడు. రేకు మూసేశాక లోపల ఏముందో కట్టినవాడికే తెలుసు. అందుకే 1953లో పాల్ పోబరెజ్నీ విస్కాన్సిన్ రాష్ట్రంలో మొదలుపెట్టిన ఈఏఏ అనే, ఇళ్లలో విమానాలు కట్టేవాళ్ల సంఘం, కడుతున్నప్పుడే ఇంటికి వచ్చి చూసి సలహా చెప్పే స్వచ్ఛంద సలహాదారులను పెట్టింది. ఏటా జులై చివర్లో అదే రాష్ట్రంలోని ఆష్‌కాష్‌లో ఈ సంఘం పెట్టే జాతరకు లక్షల మంది వస్తారు. మన పెద్ద తిరునాళ్లలాగే, కాకపోతే రథాలు పైన తిరుగుతాయి.

సర్టిఫికెట్ వచ్చినా వెంటనే కుటుంబాన్ని ఎక్కించడం కుదరదు. మామూలుగా ఇంజిన్, ప్రొపెల్లర్ జత ఎఫ్ఏఏ ఆమోదించినదైతే 25 గంటలు, కాకపోతే 40 గంటలు, నిర్ణయించిన ప్రాంతంలోనే, ప్రయాణికులు లేకుండా ఎగిరి పరీక్షించాలి. కట్టినవాడికి మాత్రం ఒక బహుమతి ఉంది. తను కట్టిన ఆ ఒక్క విమానానికి ఏడాదికోసారి చేసే తనిఖీని తనే చేసి సంతకం పెట్టే రిపేర్‌మన్ సర్టిఫికెట్ అడగొచ్చు. కొన్నవాడికి అది బదిలీ కాదు. పరిజ్ఞానం మనిషిలో ఉంది, విమానంలో లేదు అని చట్టం చాలా తెలివిగా గుర్తించిన చోటు ఇది.

ఇక అసలు భయం. ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2012లో ఒక అధ్యయనం ప్రచురించింది. 2011లో అమెరికాలోని చిన్న విమానాల్లో ఇళ్లలో కట్టినవి దాదాపు 10 శాతం. ప్రమాదాల్లో వాటి వాటా 15 శాతం, ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో 21 శాతం. అంకె చూసి, రివెట్లు ఊడిపోయి రెక్కలు రాలుతున్నాయనుకుంటాం. అది కాదు. ఎక్కువ ప్రమాదాలకు మూలం ఇంజిన్ ఆగడం, గాలిలో అదుపు తప్పడం. పైగా ఆ ఏడాది ప్రమాదాలకు గురైన విమానాల్లో సగం కన్నా ఎక్కువ, నడుపుతున్నవాళ్లు కట్టినవి కావు, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవి.

ఆ ఆఖరి వాక్యాన్ని గాయకుడు జాన్ డెన్వర్ మరణంతో కలిపి చదవాలి. 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలో మాంటరే తీరం దగ్గర ఆయన నడుపుతున్న లాంగ్-ఈజీ అనే చిన్న విమానం సముద్రంలో కూలింది. బర్ట్ రూటన్ డిజైన్ చేసిన ఆ విమానాన్ని వేరొకరు కట్టారు, డెన్వర్ అప్పుడే కొన్నాడు. ఇంధనం ఏ ట్యాంకు నుంచి రావాలో తిప్పే పిడి, రూటన్ ప్లాను ప్రకారం పైలట్ కాళ్ల మధ్య ఉండాలి. కట్టినాయన దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక్కి మార్చాడు. పిడి మీద గుర్తులు లేవు. తిప్పాలంటే వెనక్కి మెలితిరగాలి, అలా తిరిగితే కుడి కాలు తనకు తెలియకుండానే విమానం ముక్కును పక్కకు తిప్పే రడ్డర్ పెడల్ తొక్కుతుంది. బయల్దేరే ముందు మెకానిక్‌తో కలిసి ఆ పిడికి కటింగ్ ప్లేయర్ లాంటిది బిగించి పొడవు పెంచి చూశారు, కుదరలేదు. గంటసేపే కదా అని ఇంధనం పోయించుకోలేదు. దర్యాప్తు సంస్థ కారణాల్లో ఆ పిడిని అక్కడ పెట్టాలన్న కట్టినవాడి నిర్ణయాన్నీ చేర్చింది.

కట్టినాయనకు ఆ పిడి ఎక్కడుందో నిద్రలో కూడా తెలుసు. అది తన ఇంటి స్విచ్‌బోర్డు. కొన్నవాడికి అది పరాయి ఇల్లు. ఒకే మోడల్ ఫ్యాక్టరీ విమానాల్లో ఏ రెండిటికీ పిడి వేర్వేరు చోట్ల ఉండదు, ఇక్కడ మార్చే స్వేచ్ఛ ఉంది కాబట్టే ఉంది. అమ్మిన తర్వాత కూడా రేకు మీద పేరు మారదు. అందుకే కొందరు కట్టిన విమానాన్ని అమ్మడానికి జంకుతారు, అమ్మేటప్పుడు వకీలు దగ్గరికి పరిగెత్తుతారు. రూటన్ కూడా కేసుల బెడదకు 1985లోనే ప్లాన్లు అమ్మడం మానేశాడు.

మనవాళ్లకు ఇందులో ఇంకో మెలిక ఉంది. హెచ్-1బీ మీద ఉన్నవాడు అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ అనుమతి తీసుకుని విమానం నడపడం నేర్చుకోవచ్చు, గ్యారేజీలో కట్టొచ్చు కూడా. కానీ విమానాన్ని తన పేరు మీద రిజిస్టర్ చేయించాలంటే పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయి ఉండాలి. లేకపోతే ట్రస్టు పెట్టి దాని పేరున చేయించాలి. పైన చెప్పిన రిపేర్‌మన్ సర్టిఫికెట్‌కీ అదే షరతు, దానికి ట్రస్టు దారి కూడా లేదు. పదివేల రివెట్లు వేసినా, తనిఖీ సంతకం పెట్టడానికి కార్డు రావాలి. మన క్యూ సంగతి తెలిసిందేగా.

మరి ఇండియాలో? అనుకున్నంత ఎడారేమీ కాదు. బెంగళూరులో నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ వాళ్లు 1980ల్లో అదే లాంగ్-ఈజీ డిజైన్ తీసుకుని ఒక పరిశోధనా విమానం కట్టి ఎగరేశారు. తర్వాత అదే సంస్థ హంస అనే రెండు సీట్ల శిక్షణ విమానం చెయ్యడానికి కావలసిన కాంపోజిట్ పని అలవాటైంది అలాంటి ప్రయత్నాలతోనే. అదే ఊళ్లో రాజ్ హంస అల్ట్రాలైట్స్ వారి ఎక్స్-ఎయిర్ కిట్లు ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికాల దాకా వెళ్లి అక్కడి షెడ్లలో విమానాలయ్యాయి. అంటే మనం కిట్ తయారుచేసి పంపాం, కట్టుకునే సరదా వాళ్లు తీర్చుకున్నారు. ముంబయిలో పైలట్ అమోల్ యాదవ్ కిట్ కాదు, సొంత డిజైన్‌తోనే మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టాడు. 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో అది అందరి కంటా పడింది. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రిజిస్ట్రేషన్ 2017 నవంబరులో గానీ రాలేదు. మేడ మీది నుంచి దించడం కన్నా కాగితాల్లోకి ఎక్కించడమే కష్టమైంది. అమెరికాలో ఏళ్ల తరబడి వేలమంది నడిచి నడిచి అరిగిన దారి ఉంది, ఇక్కడ ఒక్కొక్కరూ పొదలు కొట్టుకుంటూ పోవాలి.

ఎవరికైనా పురుగు కుట్టి ఉంటే, లక్ష డాలర్ల మాట తర్వాత, ముందు చాలా తక్కువ ఖర్చులో అయ్యే పని ఒకటి ఉంది. కిట్ కంపెనీలు సాధన కోసం చిన్న చిన్న కిట్లు అమ్ముతాయి. విమానం రేకే, విమానం రివెట్లే, కాకపోతే చివరికి తయారయ్యేది పనిముట్ల పెట్టె. మావాడు గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసిన ఏళ్లలో అలాంటివి మూడు చేశాడు. కార్డు వచ్చిన నెలలోనే తోక కిట్ ఆర్డరిచ్చాడు. మొదటి పెట్టె వాళ్లమ్మాయి తీసేసుకుంది, క్రేయాన్లు పెట్టుకుంటోంది. దాని మూత మీద ఏడు రివెట్లు పక్కకు వాలి ఉంటాయి. నేనున్నప్పుడు లెక్కపెట్టింది ఆ పిల్లే.